కప్పల్ని ‘మీరు’ అనే మనిషి

కప్పలాయన పోయాడన్న కబురు నా దాకా వచ్చేసరికి ఆయన పోయి ఏడాది దాటింది. చెప్పింది ఆయన ఊళ్ళో నాట్ల ముఠాని నడిపే మేస్త్రమ్మ. పెనుగొండ బస్టాండులో చెరుకురసం తాగుతూ, వీధి కుళాయి పాడైందన్నంత మామూలుగా, “మా కప్పల మావ పోయాడండి మేష్టారూ, పోయినేడు శ్రావణంలో,” అని గ్లాసు కింద పెట్టి బస్సెక్కేసింది.

అంతవరకూ నాకెవరూ చెప్పకపోవడానికి కారణం నేనే. పదేళ్ళకు పైగా ఆయన మీద కథలు చెప్పుకుంటూ తిరిగాను. పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, రైళ్ళలో చెప్పాను, పళ్ళు పీకించుకోవడానికి వచ్చి కూర్చున్నవాళ్ళకి చెప్పి వాళ్ళ నొప్పి మరిపించాను. చెప్పినప్పుడల్లా కొంచెం కలిపాను. కలపగా కలపగా, విన్నవాళ్ళంతా ఆయన్ని నేనే పుట్టించాననుకున్నారు. లేని మనిషి పోయాడని ఎవరైనా కబురు చేస్తారా?

అందుకని ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. ఎక్కడైనా చెయ్యి జారితే అక్కడే చెప్పేస్తాను.

మొదటిసారి ఆయన్ని చూసింది మంచులో. తణుకులో ఇప్పుడు లేని ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో నేను జువాలజీ ట్యూటర్ని. చెరుకు ఆడే రోజులు కావడంతో ఊరంతా బెల్లప్పాకం కలగంటున్నట్టు తియ్యగా, మత్తుగా ఉండేది. ఆ తెల్లటి మంచులోంచి ముందు ఒక సైకిలు చక్రం వచ్చింది, తరవాత ఒక తడి గోనెసంచి, ఆ వెనక ఒక బక్కపల్చటి మనిషి. సైకిలు తొక్కడం లేదు, నడిపిస్తున్నాడు. బెల్లు కొట్టడం లేదు. గోనెసంచి మాత్రం ఊపిరి తీస్తోంది.

ల్యాబు వెనక సిమెంటు తొట్టి దగ్గర ఆగి, ముందు తన చేతులు మోచేతుల దాకా తడుపుకున్నాడు. సంచిలోంచి గుడ్డ కట్టిన కుండలు తీశాడు. ఒక కుండ మూతి విప్పి వంచుతూ అన్నాడు:

“దయచేయండి. ఇటు దయచేయండి. నీళ్ళు కొంచెం చల్లగా ఉంటాయి, ఏమీ అనుకోకండి.”

నా వెనకెవరో పెద్దవాళ్ళొచ్చారనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

“ఎవరితో మాట్లాడుతున్నారు బాబాయ్?”

“వీరితోనండి.”

“కప్పల్ని మీరంటారేంటండీ?”

ఆయన నా వంక జాలిగా చూశాడు. “రేపు మీ పిల్లలు కోసేది వీరినే కదండీ. కోయించుకునేవాళ్ళని నువ్వంటే ఏం బాగుంటుందండి?”

మా ప్రిన్సిపాలుని మాత్రం, ఆయన లేనప్పుడు, ‘వాడు’ అనేవాడు. అదేమని అడిగితే, “వాడు ఎవరిచేతా కోయించుకోడు కదండీ,” అనేవాడు.

తడి చేతుల గురించి కూడా ఆ రోజే అడిగాను. “పొడి చెయ్యి వాళ్ళకి పెనం అండి. మనం ముట్టుకుంటే వాళ్ళకి కాలుతుంది,” అన్నాడు. నాకు డిగ్రీలో ఎవరూ చెప్పని సంగతి. తరవాత ఎక్కడో చదివితే నిజమే.

వయసులో ఉన్నప్పుడు ఆయన కప్పకాళ్ళ కంపెనీకి కప్పల్ని పట్టిచ్చేవాడట. మన పొలాల్లో ఎగిరిన కాళ్ళు ఐసు పెట్టెల్లో ఓడలెక్కి ఏవేవో దేశాల వెండి పళ్ళేల్లోకి వెళ్ళేవి. ఆ రోజుల గురించి నేనెంత గిల్లినా ఒక్కసారే మాట్లాడాడు. “కాళ్ళు పంపించేసి, మిగతా మనిషిని గట్టు మీద పారేసేవాళ్ళమండి. ప్రభుత్వం ఆపింది. మా అంతట మేం ఆపలేదు.” మిగతా మనిషి అన్నాడు. నేను తప్పు రాయలేదు.

ఆ తరవాతే కాలేజీలకి పట్టివ్వడం మొదలుపెట్టాడు. మీరు, తమరు అనడం కూడా అప్పుడే మొదలైందనుకుంటాను.

ఆయన కుండల మూతులకి ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డ ఉండేది. ఎర్రగుడ్డ ఒక ఊరి కప్పలు, పసుపుగుడ్డ ఇంకో ఊరివి. ఒకరిని ఒకరితో కలపనిచ్చేవాడు కాదు. తొట్టికి ఇటుకలు అడ్డం పెట్టి గదులు చేయించాడు. ప్రాక్టికల్స్ అయ్యాక మిగిలినవాటిని ఏ గుడ్డవి ఆ కుండలోకి ఎక్కించుకుని, ఏ కాలవలో పట్టాడో ఆ కాలవకే తీసుకెళ్ళి దింపి వచ్చేవాడు. మండుటెండలో, పైసా రాని పని.

“ఎక్కడో ఒకచోట వదిలెయ్యొచ్చు కదా బాబాయ్. అందరూ కప్పలేగా?”

“ఒక ఊరి ఆయన ఒంటి మీద ఏముందో ఇంకో ఊరి ఆయనకి తెలీదు కదండీ. ఎవరి నీళ్ళు వాళ్ళవి.”

నేను నవ్వి స్టాఫ్‌రూములో చెప్పాను. స్టాఫ్‌రూమంతా నవ్వింది. ఆ ఏడాదంతా ఎవరు ఎవరి టీ గ్లాసు ముట్టుకున్నా “ఎవరి నీళ్ళు వాళ్ళవి” అనుకునేవాళ్ళం.

కళ్ళు మూసుకుని కప్ప అరుపు వింటే అది ఏ కాలవ కప్పో చెప్పేసేవాడు. (ఇక్కడ చెయ్యి జారింది. మూడుసార్లు పరీక్ష పెడితే రెండుసార్లే చెప్పాడు.) పరీక్షల రోజున మత్తు చాలని ఒక కప్ప పళ్ళెంలోంచి లేచి, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారి పెరుగన్నం క్యారేజీలోకి దూకింది. పిల్లలు బెంచీలెక్కారు. ఎగ్జామినరు గారు కిటికీ ఎక్కారు. కప్పలాయన మాత్రం చేతులు తడుపుకుని, క్యారేజీ దగ్గరికెళ్ళి, ఎంతో మర్యాదగా, “తమరింకా ఉన్నారా? అయితే పదండి, ఇంటికెళ్దాం,” అన్నాడు. ఆ కప్పని ఇంక ఎవరినీ కోయనివ్వలేదు. అది నిజంగా జరిగింది. పెరుగన్నం కాదు, పులిహోర.

ఆ రోజుల్లోనే వరిచేలు చెరువులవడం మొదలైంది. ముందు ఒక చేను. దాని ఉప్పు పక్క చేలోకి దిగితే అదీ చెరువు. ఆ తరవాత ఆయన ఊరి చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే. సున్నం చల్లారు, బ్లీచింగు చల్లారు, పేర్లు తెలియని డబ్బాల్లోంచి ఏవేవో పోశారు. ముసురు పట్టిన సాయంత్రం ఆ గట్ల మీద నిలబడితే నీళ్ళు వెండిరేకుల్లా ఆకాశం దాకా పరుచుకుని ఉండేవి. చాలా అందంగా ఉండేది. ఒక్క గొంతు లేదు. అద్దంలో పడుతున్న వానలా ఉండేది.

మిగిలింది ఒక గుంట. ఎప్పుడో ఇటుకల కోసం మట్టి తీసి వదిలేసిన గుంట, ఊరి చివర, వంకరటింకరగా, రొయ్యలకి కూడా పనికిరాకుండా. అంచులంతా అల్లుకున్న తూటికాడ తీగలు. చుట్టుపక్కల కప్పలన్నీ అందులోనే తలదాచుకున్నాయి. ఒకసారి నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. చెప్పులు గట్టు అవతలే విప్పించాడు. తను మోకాళ్ళ లోతు దిగి నిలబడ్డాడు. చుట్టూ తూనీగలు. ఆయన పిక్కల మధ్యలోంచి చిన్న కప్పలు ఒక దరి నుంచి ఇంకో దరికి ఈదుతున్నాయి, ఆయన అక్కడ మొలిచినట్టే.

“ఇదొక్కటేనండి మేష్టారూ. ఇది పోతే ఇంక మా ఊళ్ళో వీరు లేరు.”

ఆ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఒక ఏడు ఆషాఢం సగమైపోయినా వాన చుక్క లేదు. కాలవ నీళ్ళు శివారు భూముల దాకా రాలేదు. నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. కాలేజీ తెరిచారు, ఫస్టియరు పిల్లలకి కప్పకోత చూపించాలి. ఆయనకి కబురు చేస్తే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“లేవలేదండి. వాన పడందే మట్టిలోంచి లేవరు. తవ్వి లేపకూడదండి.”

“సిలబస్ ఆగదు బాబాయ్.”

“వాన ఆగిందిగా అండి. సిలబసుకేం?”

నాకు కోపమొచ్చింది. ఆయన వెళ్ళగానే ఎక్కడో దూరపు ఊరి సప్లయరుకి రాసి, రైలు పార్సిల్లో ఒక బుట్టెడు కప్పలు తెప్పించాను. తొట్టిలో ఇటుకలు పీకించి అన్నిటినీ కలిపి పోయించాను. రెండోరోజుకి కొన్నిటి కాళ్ళు ఎర్రబడ్డాయి. కొన్నిటికి పొట్ట కింద తోలు ఉల్లిపొరలా లేచిపోయింది. ప్రయాణ బడలిక అనుకున్నాను. జువాలజీ చదివినవాణ్ణి.

ఆ వారంలోనే మేస్త్రమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ కాలేజీ గేటు దగ్గరికొచ్చారు.

“మేష్టారండీ, ఒక కప్పనిప్పించండి. కప్పతల్లిని ఆడాలి.”

కప్పతల్లి అంటే తెలిసిందే కదా. వాన రాకపోతే ఆడవాళ్ళు రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో గుడ్డలో కప్పని కట్టి, ఇద్దరు భుజాల మీద మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇల్లాలూ ఆ కప్ప మీద చెంబెడు నీళ్ళు పోస్తుంది. చివర్లో దాన్ని నీళ్ళలో వదిలేస్తారు. పాట ఆ నీళ్ళ దగ్గర అయిపోవాలి.

“మీ ఊళ్ళోనే కప్పలాయన ఉన్నాడుగా?” అన్నాను.

“ఆయన్నడిగితే, వాళ్ళు పడుకున్నారు, లేపకూడదంటన్నాడండి! నారు ఎండిపోయి మేం ఏడుత్తుంటే ఆయనకి కప్పల నిద్దర!”

ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. తొట్టిలో కాస్త నిటారుగా కూర్చున్న కప్పని ఏరి, గాజు సీసాలో పెట్టి ఇచ్చాను. వానదేవుడికి నేనే మనియార్డరు చేసినంత తృప్తిగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఎవరో చెప్పుంటారు, నేరుగా తొట్టి దగ్గరికెళ్ళాడు. చేతులు తడుపుకుని ఒక కప్పని పైకి తీసి, అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి ఎదురుచూశాడు. బాగున్న కప్ప రెప్పపాటులో తిరగబడుతుంది. అది తిరగబడలేదు. ఆకాశం వంక చూస్తూ అలాగే ఉండిపోయింది. గంట కొట్టారు, పిల్లలు క్లాసులు మారారు, మళ్ళీ నిశ్శబ్దమైంది. అది ఇంకా అలాగే ఉంది.

“ఏ ఊరండి మీది?” అని దాన్ని అడిగాడు, చాలా మెల్లగా. తరవాత నన్ను అడిగాడు. “వీరిలో ఎవరైనా బయటికెళ్ళారా మేష్టారూ?”

మీ ఊరికే ఒకరు వెళ్ళారని నవ్వుతూ చెప్పాను. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. కళ్ళు మాత్రం ఒకసారి మూసి తెరిచాడు.

“ఆడుతున్నది ఇవ్వాళేనండి. చివర్లో గుంటలోనే వదుల్తారు. మా ఊళ్ళో మందు పడని నీళ్ళు అవే.”

అప్పుడు నా నవ్వు పోయింది.

నా మోపెడు మీద బయల్దేరాం. ఆ ప్రయాణాన్ని నేను చాలా చోట్ల విమానంలా చెప్పాను. నిజానికి కాలవలో ఈదుతున్న బాతుల గుంపొకటి చాలాదూరం మాకంటే ముందుంది. తెల్లటి ఎండలో రోడ్డు నీళ్ళలా కదులుతోంది. వెనక కూర్చున్నాయన నన్ను పట్టుకోలేదు, సీటు పట్టుకోలేదు. జబ్బు కప్పని ముట్టుకున్న రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పెట్టుకున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆయనెవరినో దీవిస్తున్నాడనుకుని తల వంచారు.

మేం వెళ్ళేసరికి ఊరేగింపు గుంట దగ్గరికి వచ్చేసింది. రోకలి మధ్యన గుడ్డమూట, దాన్నుంచి ధారగా నీళ్ళు. బండి ఆగకముందే ఆయన దూకి గట్టుకి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆగండమ్మా. ఆయన్ని ఇందులో వదలకండి.”

“ఏంటి మావా అడ్డం?” అంది మేస్త్రమ్మ. “ఊరంతా తిరిగొచ్చాం. నీళ్ళలో వదలకపోతే ఆటెలా అవుద్ది?”

“ఆయనకి ఒంట్లో బాగోలేదే తల్లీ. ఆయన దిగితే లోపలున్నవాళ్ళందరికీ అంటుకుంటుంది. ఇంక మన ఊళ్ళో కప్పన్నది ఉండదు.”

“కప్పకి అమ్మోరు పోసిందంటావా?” అని వెనకనుంచి ఒకావిడ కిసుక్కుమంది.

“అలాగే అనుకోండి. అమ్మవారు పోసిన పిల్లని పదిమందిలోకి పంపుతారా మీరు?”

మేస్త్రమ్మ నవ్వడం ఆపేసింది. మూట విప్పి చూసింది. కప్ప తోలు ఆమె వేలికి అంటుకుని ఊడి వచ్చింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకోబోయి, ఆగిపోయింది.

“మరి ఈ రోగపు కప్పని మాకంటగట్టింది ఎవరు?”

అందరూ నా వంక తిరిగారు. నోరు తెరిచాను. అబద్ధమాడటానికి జన్మలో తడుముకోనివాణ్ణి, ఆ రోజు నిజానికీ అబద్ధానికీ రెంటికీ మాట రాలేదు.

“నేనేనమ్మా,” అన్నాడు ఆయన. “కాలేజీకి ఇచ్చింది నేనే. మేష్టారికేం తెలుసు.”

“వాళ్ళు పడుకున్నారన్నావు కదా మాతో!”

“అబద్ధమాడాను.”

ఆడవాళ్ళు భగ్గుమన్నారు. కాటాకి రాళ్ళేసినట్టు ఒక్కొక్కరూ ఒక్కో మాట వేశారు. చివరికి మేస్త్రమ్మ చెయ్యెత్తింది. “సరే. ఆట చెడగొట్టింది నువ్వు. నారెండిపోతే ఆ పాపం నీది. అందుకని కప్పతల్లివి కూడా నువ్వే. నడు.”

“ఆయ్, అలాగేనమ్మా,” అన్నాడు.

జబ్బు కప్పని మోపెడుకి కట్టి తెచ్చిన తన కుండలోకి తీసుకుని, గుడ్డ కట్టి, నా చేతికిచ్చాడు. రోకలి కింద నిలబడ్డాడు. తల మీద వేపమండలు పెట్టారు. మళ్ళీ పాట మొదలైంది. వచ్చిన దారినే ఊళ్ళోకి వెనక్కి నడిచారు. బిందె నీళ్ళ కోసం ఎంతో దూరం పోతున్న రోజులు, అయినా ప్రతి ఇంట్లోంచీ ఒకావిడ వచ్చి, ముందు నోరు నొక్కుకుని, తరవాత చెంబు ఎత్తి ఆయన నెత్తిన పోసింది. ఆయన చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు. ఎండలో ఆ నీళ్ళు పొగలా మెరుస్తున్నాయి. తడిసినకొద్దీ జుట్టు నెత్తికి అతుక్కుపోయి, మెడ పొట్టిదై, కళ్ళు పక్కలకి జరిగి, గొంతు కింద ఏదో మెత్తగా కొట్టుకుంటూ... ఇక్కడ నా చెయ్యి జారలేదు. ఆ వీధి చివరికి వచ్చేసరికి రోకలి కింద ఉన్నది ఎవరో చెప్పమంటే నేను చెప్పలేను. ఆడవాళ్ళు కూడా నవ్వడం మానేశారు. కొందరు దణ్ణం పెట్టారు.

మళ్ళీ గుంట దగ్గరికొచ్చారు.

“ఇంక దిగు మావా. వదిలేత్తాం.”

ఆయన గట్టు మీద ఆగిపోయాడు. “నేను దిగకూడదమ్మా. ఆయన్ని ముట్టుకున్నాను.”

“ఊరంతా నీళ్ళు పోత్తే ఇంకా పోలేదా?”

“కడిగితే పోతుందో పోదో. ఎండలో ఆరాలి.”

“ఎన్నాళ్ళు ఆరతావు?”

“తెలీదే. తెలీనప్పుడు దిగకూడదు.”

మేస్త్రమ్మ గుంట వంక చూసింది, ఆయన వంక చూసింది. వేపమండతో ఆయన పాదాల దగ్గర మట్టి మీద నాలుగు చుక్కలు చిలకరించి, “పో, గట్టు మీదే వదిలేశాం,” అంది.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, కప్పనిచ్చింది మీరేనని ఎందుకు చెప్పారని.

“కప్పల గురించి పాఠం చెప్పేవారు మీరొక్కరే కదండీ. మీ మాట పోతే ఇంక వాళ్ళ మాట ఎవరు వింటారండి?”

నేను ఆ మాట నిలబెట్టుకున్నానో లేదో గానీ, నిజం మాత్రం చెప్పలేదు. మొన్న చెరుకురసం తాగుతున్న మేస్త్రమ్మకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను: ఇచ్చింది నేను.

కుండలోని కప్ప సాయంత్రానికి పోయింది. నీళ్ళకి దూరంగా, ఇటుకబట్టీ బూడిదలో, సున్నం పోసి పూడ్చాడు. తొట్టిలోవి వారం తిరిగేలోగా ఒక్కటీ మిగల్లేదు. తొట్టిని ఆయనే వచ్చి రుద్ది, ఖాళీగా మండుటెండకి వదిలేశాడు. ఆ ఏడు పిల్లలకి కప్పకోత చార్టు మీదే చెప్పాను. ప్రపంచంలో ఎక్కడెక్కడో కప్పల తోలుకి ఒక బూజు పట్టి కొన్ని జాతులకి జాతులే పోతున్నాయని చాలా ఏళ్ళ తరవాత పేపర్లో చదివాను. మాకు రైల్లో వచ్చింది అదేనా? తెలీదు. ఎవరూ పరీక్ష చేయలేదు. అది తెలిసేలోగా ఆయన మాత్రం తన వంతు చేసేశాడు.

వాన ఆ రోజు పడలేదు. మర్నాడూ పడలేదు. ఊరేగింపు అవగానే కుంభవృష్టి కురిసిందని చెప్పడం నాకు చాలా తేలిక, చాలాసార్లు అలాగే చెప్పాను కూడా. కొందరి నారు ఎండిపోయాక వచ్చింది, ఒక మధ్యాహ్నం, బొబ్బలు పెట్టుకుంటూ. క్లాసు వదిలేసి మోపెడు తీశాను. గుంటలో ఎవరైనా లేస్తారా లేదా అన్నది ఆ వానే చెప్పాలి.

దూరానికే వినపడింది. గట్టెక్కి చూస్తే గుంటంతా పసుపు. మట్టిలోంచి లేచిన గోదురుకప్పలు ఒళ్ళంతా నలుగు పెట్టుకున్న పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడుతూ, గొంతుకి రెండు వైపులా నీలిరంగు బుడగలు ఊదుకుంటూ, ఒకదాని మాట ఒకటి విననంత గోలగా. ఆ బూడిదరంగు వానలో రంగన్నది అక్కడొక్కచోటే ఉంది.

ఆయన గట్టు మీద ఉన్నాడు. గొడుగు లేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“అందరూ ఉన్నారా బాబాయ్?”

“ఉన్నట్టున్నారండి,” అన్నాడు.

“దిగండి మరి.”

తల అడ్డంగా ఊపాడు. అంతలో ఒక పెద్ద కప్ప, అంత పసుపూ వేసుకుని, తూటికాడల్లోంచి గట్టెక్కి ఆయన కాళ్ళ వైపే గెంతింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అది ఇంకో గెంతు గెంతింది. ఆయన ఇంకో అడుగు. నేను చూస్తుండగానే గట్టు దిగిపోయాడు, బాట దాటాడు, వానలో వెనక్కి వెనక్కి నడుస్తూ, తడి చేతులు రెండూ అడ్డంగా ఆడిస్తూ అంటున్నాడు:

“రాకండి... దగ్గరికి రాకండి. నేనింకా ఆరలేదండి.”